అభ్యంతరం, పద్దెనిమిదో తేదీలోగా

వీధిదీపం స్తంభానికి
ప్లాస్టిక్ తొడుగులో కట్టారు నోటీసు.
గ్లాస్గో వానకి లోపల చెమ్మ చేరి
"ఆరంతస్తుల" అన్న మాటొక్కటే
ఉబ్బి కనబడుతోంది.

ఎనిమిది ఇళ్ళకీ ఒకటే మెట్లు మాకు.
ఆ మెట్లవాళ్ళందరం
ఇష్బెల్ ర్యాంకిన్ వంటింట్లో చేరాం.
మందుల షాపులో పనిచేస్తాను నేను.
డాక్టర్ల రాత చదివే పిల్లకి
కౌన్సిల్ భాష ఒక లెక్కా అంటూ
కలం నా చేతిలో పెట్టారు.

విషయం: మేము బట్టలారేసుకునే పచ్చికను ఆనుకుని,
పాత లారీ షెడ్ల స్థానే కట్టదలచిన భవనం.
పై విషయమై మనవి చేయునది ఏమనగా,

ఏమనగా దగ్గరే గంటసేపు ఆగిపోయాం.

కౌన్సిల్ పంపిన కాగితంలో రెండు జాబితాలున్నాయి,
వాళ్ళు పట్టించుకునేవి, పట్టించుకోనివి.
కిటికీలోంచి కనబడే పాత ఓడల క్రేన్
పట్టించుకోనివాటిలో ఉంది.
ఇంటి ధర పడిపోవడమూ అంతే.
డల్గ్లీష్ గారు వడ్రంగం మానేసి పన్నెండేళ్ళు,
చెవి మీద పెన్సిల్ మాత్రం మానలేదు.
"మా ఆవిడ చివరిసారి దుప్పటి ఆరేసింది
ఆ మూడో గుంజకే. రాయి" అన్నాడు.
కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను.
లేదు.
పట్టించుకోనివాటిలో కూడా లేదు.

పట్టించుకునేవాటిలో మొదటిది వెలుతురు.
తరవాత మురుగు, రొద, బళ్ళు ఆపుకునే చోటు.

వెలుతురు అనగానే ఇష్బెల్ లేచి
చెంచాల సొరుగులోంచి ఒక పద్దు పుస్తకం తీసింది.
ముప్పయ్యేళ్ళు బస్సు డిపోలో
టిక్కెట్ల లెక్క చూసిన మనిషి.
మార్చి: రెండో గుంజదాకా ఎండ, పదకొండింటికి.
అక్టోబరు: మొదటి గుంజ, అదీ అరగంట.
డిసెంబరుకి ఎదురుగా ఒక గీత.
ఇవన్నీ ఎందుకు రాశావమ్మా అంటే
"తడి బట్టల బుట్టతో
మూడంతస్తులు ఊరికే దిగుతానా?" అంది.

ఉత్తరం పరుగందుకుంది.
ససేమిరా వద్దని రాశాను.
ఏ ఎత్తుకీ, ఏ షరతుకీ ఒప్పుకోమని రాశాను.
"ససేమిరా కింద గీత కొట్టు" అని ఎవరో అంటే
గీత కూడా కొట్టాను.

అప్పటిదాకా మాట్లాడని కింది వాటా యగోడా
కప్పులోకే చూస్తూ చెప్పింది.
అందులో పద్నాలుగు ఇళ్ళు తక్కువ అద్దెకట.
వాళ్ళ చెల్లెలు ఇద్దరు పిల్లలతో
పదకొండు నెలలుగా కౌన్సిల్ ఇచ్చిన హోటల్ గదిలో ఉంది.
బట్టలు బాత్‌రూమ్ తలుపు మీద ఆరేస్తుంది.
ఆరవు.

కెటిల్ మరిగి, దానంతటదే టక్కున ఆగింది.
ఎవరూ లేవలేదు.

గీత కొట్టిన మాట మీదే మళ్ళీ గీత కొట్టాను.
ఆరు కాదు, నాలుగంతస్తులు.
ఇళ్ళ సంఖ్య తగ్గించకుండా, ఆ షెడ్ల పొడవునా పరిచి,
పడమటికి తొమ్మిదడుగులు జరిపితే
మాకు అభ్యంతరం లేదు అని రాస్తుంటే
డల్గ్లీష్ గారు కోటు తీసుకున్నాడు.
సంతకం పెట్టలేదు.
మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు
మామూలు కన్నా నెమ్మదిగా దిగింది.

పొద్దున నా తలుపు కింద ఒక బస్సు టిక్కెట్టు.
వెనక పెన్సిల్‌తో:
"తొమ్మిది చాలదు. పదకొండు.
రాత్రి టేపు పెట్టి కొలిచాను."
కాగితం ఇంకా తడిగానే ఉంది.

తొమ్మిది కొట్టేసి పదకొండు వేశాను.
ఏడు సంతకాలతో పోస్టు చేశాను.

వారానికి జవాబొచ్చింది.
మీ లేఖ అందినది. నంబరు ఫలానా.
ఇకపై ఈ నంబరు ఉదహరించగలరు.
ఇష్బెల్‌కి చదివి వినిపిస్తే
ఆవిడ నోట్లో క్లిప్పులున్నాయి, తలూపింది.
ఏప్రిల్ పేజీలో ఆ నంబరు ఎక్కించింది.
దాని కిందే:
మూడో గుంజ, ఒంటిగంటా పది,
మేజోళ్ళు ఆరాయి, తువ్వాలు ఇంకా లేదు.