ఆరు సీసాలు

రావులపాలెంలో మా షెడ్డు. పానాలు వేలాడే మేకుల పైన
అరలో ఆరు గాజు సీసాలుంటాయి.
ఊరగాయనుకుని ఒకాయన మూత తీసి
దగ్గలేక చచ్చాడు.

లోపల ఎథనాలు కలిపిన పెట్రోలు,
ఒక్కో దాంట్లో బెత్తెడు గొట్టం ముక్క.
పోయిన అట్లతద్ది నాడు వేశాను.
మూతల మీద తారీఖు మా పాప రాసింది,
రెండో దాని మీద తప్పు రాసి కొట్టేసింది.

అంతకు ముందు వారం, తెల్లారగట్ల మూడింటికి
సిద్ధాంతం వంతెన మీంచి పళ్ళాలరావు ఫోను.
"బండాగిపోయిందండి. ఏదో పులిసిన వాసనొత్తంది."
వ్యాను నిండా రొయ్యపిల్ల,
సంచికింత నీరు, నీటికింత గాలి,
గాలికింత గడువు.
సీటెత్తి టార్చి వేస్తే
క్లాంపు దగ్గర గొట్టం
నానిన బొబ్బర గింజలా ఉబ్బి, తొక్క చిట్లి,
వేడి ఇంజను పక్కన చుక్క, చుక్క.
ఒక్క నిప్పురవ్వ తక్కువ, అంతే.
చేతికందిన ముక్కేదో తొడిగి పంపాను,
ఆ ముక్క మీద నాకే నమ్మకం లేదు.
వశిష్ఠ మీద వెలుగొచ్చేసరికి
సంచుల అడుగున
పిల్ల తెల్లగా పేరుకుని ఉంది.

మా వైపు గాలి కూడా తడే కదండీ.
శ్రావణంలో ఉప్పు నీరుకారుతుంది, అగ్గిపుల్ల అలుగుతుంది.
ఈ కొత్త నూనెకీ అదే దాహం.
గాలిలోంచి నీళ్ళు తాగుతుంది,
తాగి ఊరుకోదు,
రబ్బరులో మెత్తదనమంతా పీల్చి పిప్పి చేస్తుంది.

మా అమ్మ ముప్పై ఏళ్ళు మిల్లులో నూకలు చెరిగింది.
ఆ నూకలే ఇప్పుడు లారీలెక్కి
సారా బట్టీ లాంటి ఫ్యాక్టరీకి పోతున్నాయంటే
చాట ఆపి అడిగింది:
"అయితే బళ్ళకి గంజి పోత్తన్నార్రా?"
అలాంటిదేనే అన్నాను.
"మరి అరగొద్దూ?"
నవ్వాను గానీ,
ఆ రాత్రే సీసాలు కడిగాను.

మొదటి ముక్క నెల తిరక్కుండా
కాఫీ డికాషను దించింది.
రెండోదాని నడుముకి దారం చుట్టి చూస్తే
గోరెడు పెరిగింది.
మూడూ నాలుగూ చెప్పుకునేంత లేవు,
అమ్మినవాడు మాత్రం పిల్లల మీద ఒట్టేశాడు.
ఐదోది పైన స్టీలు అల్లికతో తళతళలాడుతూ
అరువు కోటు వేసుకున్న పెళ్ళికొడుకు.
కోసి చూస్తే లోపల అదే పాత రబ్బరు.

ఆరోదానికి ఏ సోకూ లేదు.
నల్లటి ఒళ్ళు, దాని మీద తెల్లగా
ముప్పై, ఆర్, తొమ్మిది.
లోపలి పొర ఫ్లోరో రబ్బరు.
తొమ్మిది నెలలకి దారం చుడితే
ముడి వేసిన చోటే ముడి కలిసింది.
నూనె కొబ్బరినీళ్ళలా తేటగా ఉంది.

మొన్న ఆషాఢంలో పళ్ళాలరావు వచ్చాడు.
ధర నాలుగింతలనేసరికి
"గొట్టమే కదండీ, పారితే చాలదా?" అన్నాడు.
నేనేం మాట్లాడలేదు.
మొదటి సీసా తీసి ట్యూబులైటుకి ఎత్తి పట్టాను.
చాలాసేపు చూశాడు.
అడుగున పేరుకున్న నల్లటి మడ్డిలో
అతనికేం తెల్లగా కనబడిందో నేనడగలేదు.
"పనిలో పని, రింగులు కూడా మార్చెయ్యండి."

బ్లేడుతో కొస సమంగా కోశాను.
పళ్ళున్న క్లాంపు కాదు,
అంచు మడిచింది తీసుకున్నాను.
పట్టాలి, కొరక్కూడదు.
స్క్రూ ఇంకో సగం చుట్టు తిరిగేది,
తిప్పలేదు.

రెండంగుళాల ముక్క మిగిలింది.
ఏడో సీసా కడిగి పాపని పిలిచాను.
"ఇది బాగుందని తెలిసిపోయిందిగా నాన్నా, మళ్ళీ ఎందుకు?"

వచ్చే ఏడు నూనెలో పాళ్ళు పెంచుతారట.
తారీఖు రాయి, అన్నాను.
ఈసారి తప్పు లేకుండా రాసింది.