నాలుగు నట్లు

తలకోన ఎట్లుంటుందని నన్నడగొద్దు.
ఇన్నూరు తూర్లు పొయ్యుంటా,
నేను చూసింది పార్కింగు.
పదిన్నరకి చింతచెట్టు నీడ నా డోరు మీదుంటాది,
పన్నెండున్నరకి అది పక్కబండోడిదైపోతాది.
కోతులు వైపర్లు పీక్కుపోకుండా
టవలు తిప్పుకుంటా కూర్చోనుంటా.
నీళ్ళ సద్దన్నా వినపడదా అంటే,
వానలు బాగా పడిన ఏడు, గాలి ఇటు మళ్ళితే,
ఎవరో దూరంగా తడిచీర ఝాడిస్తా ఉన్నట్టు.

నా కస్టమర్లు ఎక్కువ మద్రాసోళ్ళు.
సముద్రాన్ని వీధి చివర పెట్టుకోని
నీళ్ళు చూసేదానికి ఇంతదూరం వస్తారు.
పొద్దున పోవాల, రాత్రికి తిరిగొచ్చేయాల.
ఒకనాడు కైలాసకోన, ఒకనాడు ఉబ్బలమడుగు.
నగరి వస్తానే కొండముక్కు చూపించి
"అదిగో సార్, మనిషి ఎల్లకిలా పండుకోని
ఆకాశాన్ని వాసన చూస్తా ఉండాడు" అంటా.
ఆ మాట నాది కాదు, మా మామ గోవిందస్వామిది.
ఆయనకి ముందర స్టీరింగు, ఇప్పుడు మంచం.
చెప్పినప్పుడల్లా నవ్వుతారు గదా,
అందుకని ఇడవను.

రాత్రి పుత్తూరులో ఇంటిముందర
బండి మ్యాట్లు దులుపుతా.
అప్పుడు తెలుస్తాది నాకు, యాడికి పొయ్యొచ్చినామో.
తూపిలిపాళెం ఇసక సన్నం, సీటు కుట్లలోకి దూరితే
వారమైనా రాలతానే ఉంటాది.
కైలాసకోన ఏమీ రాల్చదు, తడి మాత్రం
వెనకసీట్లో రెండునాళ్ళు మకాం.
ఉబ్బలమడుగు పోయినోళ్ళు
తెగిన చెప్పు ఒకటి ఒదిలిపెట్టి పోతారు,
ఎప్పుడూ ఒకటే.

మా దేవయాని టార్చిలైటు పట్టుకుంటాది.
దొరికిందంతా హార్లిక్స్ సీసాలో పోసుకుంటాది:
అడుగున ఇసక, పైన ఎర్రమన్ను,
ఒక గవ్వ, ఎవరి బిడ్డదో పట్టీ మువ్వ.
"నాయనా, ఆ కోన ఎంతెత్తుంటాది?"
"బో ఎత్తు."
"నువ్వు తడిసినావా?"
ఆ మాటకి నేను డిక్కీ మూసేస్తా, గట్టిగా.

పోయిన డిసెంబరులో,
సూళ్ళూరుపేట దాటి, రెండుపక్కలా పులికాట్ నీళ్ళు,
నడిమధ్యన రోడ్డు, ఆ రోడ్డు మీద పంచరు.
బండిలో నలుగురు, నలుగురికీ నిద్ర.
దిగమని చెప్పాల. చెప్పలా.
నిద్రతో సహా నలుగురినీ జాకీ మీద లేపినా.

ఒక్కో నట్టూ ఇప్పి
అరచేతిలో పెట్టుకుంటా తలెత్తితే,
మోకాలిలోతు నీళ్ళలో ఎవరో
లేతరంగు లంగాలు ఆరేసి మర్చిపొయ్యుండారు.
అనుకున్నానో లేదో, లంగాలు నడిచినాయి.
అన్నీ ఒక్కపక్కకి, కాలు తీసి కాలేసి,
కొత్తకోడళ్ళు ఒక్కటిగా వడ్డనకి లేచినట్టు.
మళ్ళా ఎందుకో, ఎవరు చెప్పినారో, ఎగిరినాయి.
రెక్కకింద మంట, అంచుకి నలుపు.
మా నగరి మగ్గాలోళ్ళు ఆ కొంగు నెయ్యాలంటే
ఆరునెలలు కరెంటు పోకుండా ఉండాల.
నా నోరు తెరుచుకోనుంది.
అరచేతిలో ఐదుండాల్సిన నట్లు నాలుగే ఉండాయి.

లేపాల్సింది. డబ్బిచ్చింది వాళ్ళు.
అద్దం మీదికి చెయ్యి పోయింది కూడా.
దించేసినా.

బండి కదిలినాక ఆయమ్మ కళ్ళు తుడుచుకుంటా
"ఏముందిక్కడ, ఒట్టి నీళ్ళే గదా" అనె.
"సీజను మేడమ్, ఒక్కోతూరి అంతే" అంటిని.
ఇరవైరెండేళ్ళ డ్రైవింగులో
కిలోమీటర్లలో గూడా అబద్ధం చెప్పనోణ్ణి.

ఆ రాత్రి మ్యాట్లలో
చిప్సు పొడి తప్ప ఏమీ రాలలా.
దేవయాని సీసా మూత తీసి నిలబడుండాది.
టార్చి తీసుకోని ముందుచక్రం మీదికి కొట్టినా.
"ఈడ చూడు, ఐదు బొక్కలకి నాలుగే నట్లు."
ఖాళీ బొక్కలో వేలు పెట్టి చూసింది.
"యాడ పడిపాయ?"
"కూర్చో, చెప్తా."

అంతా విని, రెండుతూర్లు విని, అడిగింది:
"ఎంతసేపు చూసినావు నాయనా?"
"టైరు మార్చేంతసేపు."
కాదులే.
ఇంకా కొంచెం.