ఉన్ని కుల్లాయిలు

ఆదివారం తెల్లారుజామున
సారు కారులో సారు, పెండ్లాం, పిల్లోల్లు, కుక్క.
డిక్కీలో ఐసు డబ్బా, మడత కుర్చీలు.
కట్టెల సంచికి మాత్రం జాగా ల్యా.
అది నాతో వస్తాది, బాక్సర్ బండి మీద,
కడప యర్రముక్కపల్లె నుంచి
యర్రగుంట్ల అవతల సిమెంటు ఫ్యాక్టరీ దాకా.

పద్నాలుగు కట్టెలు.
అడ్డంగా కడితే ఎదురొచ్చే లారీకి తగుల్తాది,
నిలువుగా కడితే గాలికి ఊగుతాది.
ఆకరికి మాబుపీరా అంగట్లో
రెండు ఇనప బద్దలు వెల్డింగు పెట్టించి,
పాత ట్యూబు రబ్బరు
దాని నడుముకు ఒక చుట్టు, నా నడుముకు ఒక చుట్టు.
పడితే ఇద్దరమూ పడాల.

మేనెల్లో, మా కడపలో,
లావు కట్టెల తలకాయలకు ఉన్ని కుల్లాయిలు!
నాకు తడి తువ్వాల.

మా చౌడమ్మ గడపలో నిలబడి అంటాది:
"నేను ఎనక కూచుంటే గుంతలన్నీ లెక్కబెడ్తావు.
దీనికైతే దిగి తోసుకుంటా పోతావే."
నిజమే.
ఒక్కో కట్టె నా బండంత ఖరీదంట.
సారు చెప్పలా, డ్రైవరు చెప్పినాడు.
చెప్పకుండా ఉన్నింటే బాగుండు.
సారు గుంత ఏడుందా అని ఎతుకుతాడు,
నేను గుంత లేని చోటు.

చెక్‌పోస్టు కాడ కొత్త కానిస్టేబులు
లాఠీతో సంచిని పొడిచినాడు.
"ఏముండాయి లోపల?"
"ఆట కట్టెలు సార్."
ఒక కుల్లాయి తీసి చూసి, మల్లా తొడిగి,
మా జిల్లా పేరు గుర్తొచ్చినట్టుండాది,
"ఎవుర్ని కొట్టేకి?"
"కోడిగుడ్డంత బంతిని సార్."
"దానికి ఇన్నా?"
నాకూ అదే అనుమానం, పదకొండు నెలల్నుంచి.

కమలాపురంలో టీ అంగడి ముసలాయన
చింతకాయ రాల్చే కట్టెలనుకొని
"కొక్కెం లేదే నాయనా" అని బాధపడినాడు.

పోయిన వారం పాపాగ్ని బ్రిడ్జి మీద
చైను ఊడింది.
కింద నీళ్లు ల్యా. ఇసక, అందులో ఎవురో తోడుకున్న చెలమ.
గార్డు సందులో ఏలు దూరదు. స్క్రూడ్రైవరు ఇంట్లో.
సంచి దిక్కు చూసినా.
సంచి నా దిక్కు చూసింది.
తొమ్మిదో నంబరు కట్టె బయటికి తీసి
దాని ఇనప మొగాన్ని సందులో దూర్చి
ఒక్క ఎత్తు ఎత్తినా.
టక్కుమని చైను పండ్ల మీద కూచుంది.
చొక్కా అంచుతో తుడిచినా.
గ్రీసు పోయింది. గోరంత గీత పోలా.

ఫ్యాక్టరీ ఎనక మైదానంలో గడ్డి ల్యా,
నూనె పోసి చదును చేసిన ఇసకే.
సంచి భుజానేసుకొని సారు ఎనకాల నడుస్తాండా,
నోట్లో తడి ల్యా.
ఆరో గుంత కాడ సారు చెయ్యి చాపినాడు.
"తొమ్మిది."
ఇచ్చినా, గీత దిక్కు నేలకు తిప్పి.

బంతి లేసింది.
లేసి, చిమ్నీ పొగ పక్కన రవ్వంతసేపు నిలబడి,
జెండా కాడ పడి,
ఆలోచన చేస్తా చేస్తా దొర్లి
గుంతలోకి.

సారు పెండ్లాం చప్పట్లు. కుక్క అరుపులు.
సారు కట్టెను ఎత్తి ముద్దు పెట్టుకున్నాడు,
సరిగ్గా గ్రీసుండిన తావున.