కవర్ ఖాళీ

ఎనిమిది బంతులు, పదకొండు పరుగులు.
సెయింట్ లూసీలో, చెరుకు కొట్టేసిన మడుల మీదుగా
అట్లాంటిక్ గాలి ఉప్పు చల్లుతోంది.
మిడాఫ్‌లో ఓల్వినా అరచెయ్యి ఆడిస్తోంది
పెనం ఎంత కాలిందో చూసినట్టు.
మ్యూరియెల్ రెండడుగులు వెనక్కి.
ఇంకో అడుగు.
చాలు.

బ్యాటు పట్టింది చెల్లెలు కెటూరా.
పదేళ్ళు ఒకే మంచం, ఒకే దోమతెర.
నిద్రలో ఎటు ఒత్తిగిలుతుందో,
అబద్ధమాడేముందు ఏ కాలి మీద బరువేస్తుందో
అక్కకి తెలుసు.
ఎడమకి. అన్నిటికీ ఎడమకే.
పెరట్లో కొబ్బరిమట్ట బ్యాటుతో
ఎక్కడ పడ్డ బంతినైనా ఈడ్చి ఈడ్చి
కోళ్ళగూటి మీదికే కొట్టేది.

అందుకే కాపలా అంతా లెగ్ సైడు.
డీప్ మిడ్‌వికెట్‌లో బస్సు నడిపే యూలాలీ,
స్క్వేర్ లెగ్‌లో కవలల్లో పెద్దది,
ఫైన్ లెగ్‌లో, మోకాలు వాచినా రాననని డెల్సీ.
స్లిప్పులో ఒక్కతే మ్యూరియెల్ టీచరు,
కాపీ కొట్టే పిల్లల్ని చూసినట్టు కళ్ళద్దాల పైనుంచి.
సిల్లీ పాయింటుకి పొమ్మంటే
పదహారేళ్ళ నెరీసా నవ్వుతూ వెళ్ళి కూచుంది,
ఊపిరి తీస్తే బ్యాటుకి తగిలేంత దగ్గర.
గల్లీలో మనిషి లేదు.
కవర్ ఖాళీ.
కావాలనే.
వీధి తలుపు బార్లా తీసిపెట్టి
దాని వెనకే కర్ర పట్టుకు నించోవడం అది.

బంతి కాస్త ముందుకు పడింది.
కెటూరా కాలు చాచింది, మోకాలు వంచింది,
తల బంతి మీదికి తెచ్చింది.
ఈడ్చలేదు.
దారికడ్డున్న వాళ్ళ భుజం తట్టి
కాస్త జరగమన్నట్టు, అంత నెమ్మదిగా
కవర్లోంచి పంపేసింది.
ఓల్వినా ఎడమచేతికి మూరెడు దూరంలో
గడ్డి చీలిన చప్పుడు.
వెనక ఎవరూ పరిగెత్తలేదు.
బోర్డు దగ్గర కుర్రాడు రేకు మార్చాడు.

ఇదెప్పుడు నేర్చుకుంది?
బ్రిడ్జ్‌టౌన్‌కి మారిన రెండేళ్ళలోనా,
ఫోనెత్తని ఆ వానాకాలంలోనా?
ఎవరు వేశారు దీనికి బంతులు,
ఎన్ని సాయంత్రాలు?

ఓల్వినా ఇంతమందిని మోహరించింది
కోళ్ళగూటి మీద బంతి పడి గుడ్లు పగిలితే
"అక్క కొట్టింది" అన్న పిల్ల కోసం.
ఆ పిల్ల ఇవాళ బ్యాటింగుకే రాలేదు.

ఏడు బంతులు, ఏడు పరుగులు.
కెటూరా గ్లవ్ బిగించుకుంటూ ఇటే చూస్తోంది.
నవ్వుతోందో, ఎండకి కళ్ళు చికిలిస్తోందో.

మ్యూరియెల్ స్లిప్పు వదిలి నడిచొచ్చింది.
"ఇక్కడా?"
"ఇంకొంచెం అటు."
"ఇక్కడ?"
"ఊఁ… కాదు, ఆగు."
ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.
అంపైర్ గడియారం చూసుకుంటున్నాడు.