ఇనప చిల్లర

అసలు చెవితోనే మొదలైంది.
బల్ల మీద వేస్తే వెండి ఖంగుమంటుంది.
కంచు కాసేపు మోగి ఊరుకుంటుంది.
ఇది పడింది, అంతే.
తడిసిన చెప్పు పడ్డట్టు.

"జింకు," అన్నాడు టూర్లైఫ్,
హమ్మర్‌ఫెస్ట్ రేవు వెనక పాత సామాన్ల కొట్టువాడు.
"నలభై రెండులోది. రాగి తూటాలకు పోయాక
మన జేబుల్లో మిగిలిన మోత ఇదే."
పది క్రోనర్లు తీసుకున్నాడు.
ఆ పది తొమ్మిదేళ్ళుగా ఇంకా ఖర్చవుతూనే ఉంది.

చేపల ఫ్యాక్టరీలో శీతల గిడ్డంగి మనిషిని నేను.
పగలు మందపాటి గ్లోవ్స్, రాత్రి పల్చటి నూలువి.
వేలి చెమట జింకును తింటుంది,
తెల్లగా, సున్నంలా, అంచు నుంచి లోపలికి.
ఇనుముకైతే ఊపిరి చాలు.
ఒకటి, రెండు, అయిదు ఊరెలు, మూడూ ఇనుమే.
అయస్కాంతం చూపిస్తే యుద్ధం చిల్లర ఎగిరొచ్చి అంటుకుంటుంది.
కంచువి కదలవు.
మొదటి యుద్ధంలో మేం దిగనే లేదు,
అయినా మా చిల్లరకి తుప్పు పట్టింది.

పెట్టె నేనే చేసుకున్నాను, బర్చ్ చెక్కతో.
నలభై ఎనిమిది గుండ్రటి గుంటలు, అడుగున పచ్చ ఫెల్టు.
ఒక గుంటలో
సానపట్టి మెరిపించిన పాత నాణెం, రాజుగారి గుర్తున్నది.
వెనక సూది అతికిన మచ్చ.
ఆక్రమణ రోజుల్లో దాన్ని కోటుకు పెట్టుకుంటే నేరం.
నాణేన్ని తోమకూడదన్నది మా మొదటి నియమం.
ఎవరో జైలుకు తెగించి ఆ నియమం తప్పారు.
ధరల పుస్తకంలో దాని పక్కన
"పాడైనది" అని ఉంది.

లండన్‌లో ముద్రించిన ఇత్తడి పాతిక ఊరెలు మాత్రం లేదు.
రాజు వెంట తిరిగి రావాల్సినవి,
దాదాపు అన్నీ కరిగించేశారు.
వేలంలో ఒకటి చూశాను, నడుమ చిల్లుతో.
దాని ధరకు నా పడవ ఇంజను వస్తుంది.
పడవే ఉంచుకున్నాను.

నలభై నాలుగు చలికాలంలో జర్మన్లు పోతూ పోతూ
ఊరంతా తగలబెట్టారు.
మిగిలింది శవాలకు ప్రార్థన చేసే గది ఒక్కటే.
మొన్న మా వీధిలో పైపు కోసం తవ్వుతుంటే
పలుగుకు ముద్ద ఒకటి తగిలింది.
జింకు కరిగి ఇనుము చుట్టూ గడ్డకట్టింది.
ఎన్ని ఊరెలో లెక్క తేలదు,
ఎవరి వంటింటి డబ్బాలోవో అంతకన్నా తేలదు.
నా పెట్టెలో ఏ గుంటా దానికి సరిపోలేదు.

ఎదురింటి ఓస్లౌగ్ చూడ్డానికొచ్చింది.
తొంభై ఒకటి ఆమెకు.
గ్లోవ్స్ ఇచ్చేలోపే ఉత్త చేత్తో ఎత్తింది.
వద్దనబోయి ఆగిపోయాను.
"మా అమ్మ పాల డబ్బులు ఇంతే బరువుండేవి," అంది.
అన్నాక అరచేతిలో అలాగే పెట్టుకు కూర్చుంది,
కాఫీ రెండుసార్లు చల్లారిపోయింది.

"నీ పెట్టెలో ఇది లేదుగా?"
వేలు చూపించింది. ఉంగరం.
అయిదు ఊరెల కంచు, నడుమ తొలిచేసి,
అంచు లోపల అక్షరాలు సగం సగం.
కంచె అవతల రష్యన్ ఖైదీ చేశాడట,
చెంచాతో కొట్టి కొట్టి.
"ఎంతకిచ్చాడు?"
"ఒక ఎండు చేప. అది కూడా చిన్నదే.
అప్పుడు నాకు పదేళ్ళు. జారిపోతుందని దారం చుట్టుకునేదాన్ని."

నీకే ఇచ్చేస్తానని లాగింది.
సబ్బు రాశాం, వంటనూనె పోశాం,
కణుపు దాటి రాలేదు.
"సరేలే, నేను పోయాక తీసుకో,"
అని నవ్వి, ఆ నూనె చేత్తోనే
నా జింకు పదూరెలన్నీ ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

నలభై తొమ్మిదో గుంట మొదలుపెట్టాను.
చుట్టుకొలత గీశాను, ఉలి ఆనించాను.
ఎదురింట్లో దీపం వెలిగింది,
ఆమె గిన్నెలు కడుగుతోంది.
ఉలి పక్కన పెట్టేశాను.