తెలియజేయడమైనది

నాంపల్లి కోర్టు గోడ పక్క
వేపచెట్టు నీడ పదకొండు దాకనే ఉంటది.
ఆ తర్వాత నీలం పట్టా కట్టుకొని కూసుంట
నేనూ, నా టైపుమిషనూ.
ముప్పై ఒక్క ఏండ్ల నుంచి
ఈ ఊరు సర్కారును అడిగినవన్నీ
నా వేళ్ల కిందికెల్లే పోయినయి.
'దయతలచి' అన్న మాట
చూడకుండ కొడుత.
అందుకే మిషన్ మీద 'ద' అరిగిపోయింది,
ఇప్పుడు సగమే పడుతది.

ఇయ్యాల చాంద్‌బీ వచ్చింది.
మంగళ్‌హాట్ నుంచి బేగంబజార్ దాక
కత్తులకు సానపట్టే మనిషి.
సైకిల్ చక్రానికి బిగించిన రాయి,
వాళ్ల నాయిన తొక్కిన పెడలే.
"మొన్న సాబ్‌లు వచ్చిండ్రు. రాయి ఎత్తుకపోయిండ్రు,"
అనుకుంట నోటీసు నా ముందల పెట్టింది.

సానపట్టుటకు లైసెన్సు కావలెను.
లైసెన్సుకు శిక్షణ పత్రం.
శిక్షణకు పదో తరగతి.
నేను చదివి చెప్తుంటే
పైపండ్లు రెండు లేని నోటితోని నవ్వింది:
"యాభై రెండేండ్ల ఉమర్ల
నన్ను బడికి తోలుతరా, టైపుసాబ్?"
శిక్షణ ఇచ్చే సంస్థ
ఆబిడ్స్‌ల కరెంటు మిషన్ల సానదుకాణం పైఅంతస్తులనే ఉన్నదట.
ఒకటే మెట్లు. ఒకటే వాచ్‌మన్.

నేను సర్కారుకు పగోణ్ణి కాను.
పాలల్ల నీళ్లు కలిపినోణ్ణి పట్టాలె.
త్రాసు కింద అయస్కాంతం అంటించినోని త్రాసు గుంజుకోవాలె.
మా గల్లీ డాక్టరు సూది ఏసి
మా తమ్ముని చెయ్యి పడిపోయిననాడు
'వానికి పట్టా ఉన్నదా, విచారించగలరు' అని
ఇదే మిషన్ మీద కొట్టింది నేనే.
అందుకే, హద్దు ఏడున్నదో
నాకు గూడ పూరా తెల్వదు.

గానీ సానరాయి మీద రవ్వలు లేస్తే
అవి పడేది చాంద్‌బీ ముంజేతి మీదనే.
చూసిన. నల్ల నువ్వులు చల్లినట్టున్నది.
కత్తి తెగకుంటే
కసాబ్ ఖ్వాజా మియా ఇరవై రూపాయలు చేతుల పెట్టడు,
మాంసం ముక్క మీద గీసి చూసినంకనే ఇస్తడు.
రోజుకు నలభై సార్లు ఆ పరీక్ష రాస్తది ఆమె.
ఇంకో పరీక్ష ఎవరి కోసం?

కాయితం ఎక్కించిన. నడుమ రెండు కార్బన్లు.
'ద' మీదికి పోయిన వేలు
ఆడనే ఆగింది.

సర్కారు మనతోని మాట్లాడేటప్పుడు
దయ అడగదు.
దానికొక క్రియ ఉన్నది,
ఎవరు చేసిండ్రో దొరకని క్రియ.
జీవితమంత దాన్ని చదివి వినిపించిన గానీ
ఒక్కసారి గూడ వాడుకోలేదు.

'చాంద్‌బీ అను నేను
పందొమ్మిదో ఏట నుండి సానపట్టుచున్నానని,
రేపటి నుండి కూడ పట్టెదనని
ఇందుమూలముగా తెలియజేయడమైనది.
తీసుకొనిపోయిన రాయి వాపసు చేయవలెను.
రాయికి రసీదు ఇవ్వలేదని గమనించవలెను.'

'తమ విధేయురాలు' అన్నకాడ
ఖాళీ ఇడిసిపెట్టిన.
వేలిముద్ర సరిగ్గ అంతే జాగల పట్టింది.

"ఇట్ల రాస్తే నడుస్తదా?"
"తెల్వదు," అన్న.
నిజంగనే తెల్వదు.
ఇంకో నోటీసు రావచ్చు,
ఈసారి నా పేరు మీద.
టైపు కొట్టుటకు ఏ పత్రం కావాలెనో
నేనెన్నడూ అడగలేదు.

"పైసలు లేవు. కత్తెర ఉందా?"
కాయితాలు కత్తిరించే కత్తెర, అంచు మొద్దుబారింది, ఇచ్చిన.
తాగిన ఇరానీ చాయ్ సాసర్‌ను బోర్లేసి
అడుగున గరుకుగున్న వలయం మీద
గర్రు, గర్రున గీసుడు పెట్టింది.

పక్క బల్ల నోటరీ తల ఎత్తి చూసిండు.
గేటుకాడి కానిస్టేబుల్ గూడ.
ఎవ్వరూ ఏమనలేదు.
ఆమె అంచును బొటనవేలి గోరు మీద ఆనించి
ఒక కన్ను మూసి చూసి,
"ఇంకొంచెం," అన్నది.