వెంట్రుకవాసి ఎడం

ఓస్ట్రావాలో మార్చి నెలంటే
మంచూ కాదు, బురదా కాదు, రెంటి మధ్య తగువు.
నలభై ఏడో నంబరు గ్యారేజీ రేకు తలుపు
భుజంతో తోస్తే గానీ తెరుచుకోదు.
లోపల స్టాండు మీద నా ఎర్ర జావా.
యాభై ఏళ్లు దాటిన బండి, రెండు సిలిండర్లు.
ఎడమది పలికితే కుడిది అలుగుతుంది,
కుడిదాన్ని బుజ్జగిస్తే ఎడమది దగ్గుతుంది.

తెల్లవారుజామున నాలుగింటికి ట్రామ్ డిపోలో ఉండాల్సినదాన్ని.
ఎన్నిసార్లు తోసుకుంటూ పోయానో ఆ వంతెన మీద,
హెల్మెట్‌లో చెమట, నోట్లో బూతు.

అందుకే జీతం రాగానే కొత్త ఇగ్నిషన్ కొన్నాను.
అయస్కాంతాలు పొదిగిన చక్రం,
నల్ల లక్కలో పోతపోసిన డబ్బా.
రాపిడి లేదు, అరుగుదల లేదు.
ఆరు వోల్టుల గుడ్డిదీపం పోయి
పన్నెండు వోల్టుల వెలుగు.

నాకు బండి అమ్మిన ఓల్ద్రిఖ్ వచ్చాడు, పిలవకుండానే.
డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి
"దీని లోపలికి ఎట్లా వెళ్తారు?" అన్నాడు.
వెళ్లరు, అని చేతులు ఊపి చెప్పాను.
పాడైతే పారేసి ఇంకోటి కొంటారు.
ఏమీ అనలేదు.
టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"విప్పే ముందు ఒక్కసారి" అంటూ
మోకాళ్ల మీద కూలబడి కుడి మూత తీశాడు.
జేబులోంచి సిగరెట్ కాగితం.
పొగ మానేసి పద్నాలుగేళ్లు.
పాయింట్ల పెదవుల మధ్య ఆ ఉల్లిపొరను దూర్చి
నన్ను తిప్పమన్నాడు, మెల్లగా,
ఇంకా మెల్లగా.
పిస్టన్ కొసకు చేరడానికి మూడు మిల్లీమీటర్లు ఉందనగా
కాగితం వదలాలి.
ముందు కాదు, తర్వాతా కాదు.
చెవులు ఎప్పుడో బొగ్గుగనిలోనే పోయాయి,
వేళ్లతో వింటున్నాడు.
"ఇదిగో."
నిద్రలో పసిబిడ్డ గుప్పిట సడలినట్టు
కాగితం జారింది.

"ముప్పై ఏళ్లు" అన్నాడు, నన్ను చూడకుండా.
"గని గేటు దగ్గర జేబులు తడిమేవాళ్లు.
లైటరు, అగ్గిపుల్ల, ఏదీ లోపలికి రాకూడదు.
గ్యాసు నిండిన సొరంగానికి ఒక్క నిప్పురవ్వ చాలు.
కింద ఎనిమిది గంటలు
రవ్వా, పుట్టకు తల్లీ అని మొక్కేవాణ్ణి.
పైకొచ్చి, కిక్కు మీద కాలేసి
పుట్టు తల్లీ పుట్టు అని మొక్కేవాణ్ణి.
ఒకటే నోరు."

కొత్తది బిగించడానికి మూడు గంటలు పట్టింది,
ఒక బోల్టు తల విరిగింది, నా బొటనవేలు చిట్లింది.
కిక్కు కొట్టాను.
మొదటి దానికే!
రెండు సిలిండర్లూ ఒక్క మాట మీద నిలబడ్డాయి,
నీలిపొగ గ్యారేజీ నిండా.
ఓల్ద్రిఖ్ ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి
చాలాసేపు అలాగే ఉన్నాడు.
"మా తమ్ముడు ఒకసారి దొంగచాటుగా తీసుకుపోబోయాడు.
గంటసేపు తన్నాడు, పలకలేదు.
నేనొచ్చాక రెండో తన్నుకు లేచింది.
ఇప్పుడిది ఎవరు పిలిచినా పలుకుతుంది."
మెప్పో దెప్పో నాకు తెలియలేదు.

పాత పాయింట్లు చెత్తబుట్టలో వేయబోతే
చెయ్యి చాపాడు.
చేతిరుమాల్లో చుట్టుకుని
బురద లేనిచోట అడుగు వెతుక్కుంటూ వెళ్లాడు.

ఇప్పుడు నాలుగింటికి వంతెన దాటుతున్నాను,
ఒంటిమీద చెమట లేదు.
బల్లమీద మరిచాడో, కావాలనే వదిలాడో,
ఆ కాగితాల కట్ట నా యూనిఫాం జేబులో ఉంది.
ఎర్ర సిగ్నల్ దగ్గర ట్రామ్ ఆపినప్పుడు
ఒకటి లాగి రెండు వేళ్ల మధ్య బిగించి
ఇంకో చేత్తో మెల్లగా లాగుతాను.
వెనక జనం గడియారాలు చూసుకుంటారు.
నేను మాత్రం
అది వదిలే చోటు కోసం.